అర్ధముఖి

వైశాఖమధ్యాహ్నము. ప్రచండభానుకిరణసంతప్తములైన చింతలగిరి దుర్గప్రాకారముల నల్లని శిలలు కొలిమినుండి వెలికిదీసిన యినుమువలె నుడుకెత్తుచుండెను. క్రింది లోయయందు నాగావళీనది విశాలసైకతస్థలముల నడుమ సన్నని వెండితీగయై యొకచో మెఱసి యొకచో మాయమగుచుండెను. కోటబురుజుల సందులయందు పావురములు రెక్కలు సడలించి నోళ్లు తెఱచి రొప్పుచుండ ద్వారపాలకులు బల్లెములను గోడల కానించి నిలుచున్నచోటనే కునికిపాట్లు పడుచుండ అంతఃపురకాంతలు తడిపిన వట్టివేళ్ల తడికలను గవాక్షములకు వ్రేలాడగట్టించుకొని చలువరాతినేలపై మేను వాల్చియుండ నా మహాదుర్గమంతయు జ్వరపీడితుని నిద్రవలె బరువుగా నిశ్శబ్దమై యుండెను. పడమటి మేడయందలి శయనాగారమున మాత్ర మంత వేసవిలోను చలి వదలలేదని దాసీజనము గుసగుసలు పోవుచుండిరి.

ఆ శయనాగారము చింతలగిరి ప్రభువుల పట్టమహిషులది. ప్రభువైన జగన్నాథరాజు మొదటిభార్య కనకాంబాదేవి యందే కాపురముండి యందే కన్నుమూసెను. ఆమె గతించిన పిమ్మట రాజు మాఱుమనువాడి తెచ్చుకొన్న మృణాళినీదేవి యిప్పు డాగదియందే నివసించుచు ఆమె పవళించిన పందిరిమంచముపైననే పవళించుచు ఆమె చూచుకొన్న నిలువుటద్దముననే ముఖము చూచుకొనుచు వంశాచారము ననుసరించి మృతసపత్ని పేర చేయించిన సవతమ్మ యను చిన్న బంగారుబిళ్లను మంగళసూత్రముల ప్రక్కన ధరియించి కాలము గడపుచుండెను. పుట్టినింట నామె పకపక నవ్వెడి పిల్ల. సముద్రతీరమున గాలికిని వెలుతురునకును నలవాటుపడి పెరిగినది. ఈ మేడలో నడుగుపెట్టిన నాటినుండి యామె నవ్వు పెదవులవఱకు వచ్చి యెవరో వారించినట్లు వెనుకకు మరలిపోవుచుండెను. ఎల్లరు నామెతో మెల్లగా మాటలాడుదురు. మాటలాడుచు నామె భుజముమీదుగా వెనుకకు చూతురు.

అట్లుండ గడచిన శీతకాలమున నొక యుదయము మృణాళిని యద్దము ముందర కూర్చుండెను. నూకాలను దాసి యామె కురులు దువ్వుచుండెను. తొలుత దృష్టిమధ్యమున నొక చిన్న మెఱపుచుక్క పొడసూపెను. కంటిలో నలుసు పడెనని యామె ఱెప్పలు నులుముకొనెను. చుక్క చెదరలేదు. అది క్రమక్రమముగా వ్యాపించి కోటగోడల కొత్తళములవలె మెలికలు మెలికలుగా ఱంపపుపండ్లవలె వాడిగా తళతళలాడుచు కదలసాగెను. ఆ మెఱపుగోడ కావల నేమియు లేదు. చీకటియు లేదు, వెలుతురును లేదు. మృణాళిని యద్దమువంక చూచెను. అద్దములో నొక స్త్రీ కూర్చుండియుండెను. ఆమెకు నెడమకన్ను గలదు, ఎడమచెక్కిలి గలదు, పెదవులలో సగము గలదు. కుడిపార్శ్వమున ముఖము లేదు.

ఆమె పెట్టిన కేకకు మేడయంతయు మారుమ్రోగెను. పిదప నంతకు మించిన భయంకరమైన దొకటి వచ్చెను. కాలిన వెంట్రుకల వాసన యొకటి యెచ్చటినుండియో గుప్పుమనెను. ఆ వెంటనే కుడికణతలో నెవరో మేకు పెట్టి మెల్లమెల్లగా సూటిగా కొట్టుచున్నట్లు నొప్పి యారంభమై కంటిగుంటవెనుకకు ప్రాకి మెడదాక దిగెను. వెలుతురు కత్తివలె గ్రుచ్చుకొనెను. నూకాలు కాలియందె చప్పుడు పిడుగువలె వినబడెను. మృణాళిని వమనము చేసికొని మంచముపై ముడుచుకొని సూర్యుడస్తమించువఱకు మూలిగెను.

"ఏటి కనిపించినాదమ్మా?" అని నూకా లడిగెను. మృణాళిని చూచినది చెప్పెను. నూకాలు నోటిపై చేయి వేసికొనెను.

"నానేటి సెప్పనమ్మగోరూ! పెద్దరాణెమ్మ ఆకరి రోజుల్లో కుడిపక్క మొకానికి గుడ్డ కట్టుకునుండీది. ఆయమ్మే ఒచ్చినాది. ఆయమ్మే తల మీదెక్కి కూకున్నాది."

ఈ వార్త విని మృణాళిని యత్తగారైన నారసాయమ్మ పడమటి మేడకు వచ్చెను. ఉన్నతకాయ. పలితకేశి. భర్త గతించిన నాటినుండి కుమారుని పేరిట చింతలగిరిని కనుసన్నల నేలిన మానవతి. ఆమె మాట తప్పిన వారును లేరు, ఆమె కంట నీరు చూచిన వారును లేరు. అట్టి యామె కోడలి మంచముచెంత నిలుచుండి యొక్క ప్రశ్న మాత్ర మడిగెను.

"ఏ పార్శ్వమున ముఖము లేదంటివి?"

"కుడిపార్శ్వమున, అత్తగారూ."

నారసాయమ్మ వెనుదిరిగెను. ద్వారమువఱకు నడచి యచ్చట గోడపై చేయి యానించి కొంతతడవు నిలిచి వెడలిపోయెను. గోడ యాసరాతో నడచిన నారసాయమ్మను మృణాళిని యంతకు మున్నెన్నడును చూచియుండలేదు.

మఱునాటినుండి శాంతులారంభమయ్యెను. మృతురాలి పేర మంగళవారములందును శుక్రవారములందును మృణాళిని ప్రొద్దుగ్రుంకి దీపములు వెలిగించువఱకు మంచినీరైన ముట్టరాదని నియమ మేర్పడెను. గదినిండ సాంబ్రాణియు గుగ్గిలమును పొగలు క్రమ్మెను. ఆత్మ తప్పించుకొని పోకుండునట్లు గవాక్షములు మూసి మేకులు దిగగొట్టిరి. చిత్రమేమన శాంతి పెరిగినకొలది బాధయు పెరిగెను. ఉపవాసదినముల సాయంకాలముల నా మెఱపుగోడ తప్పక లేచుచుండెను. పొగ దట్టముగ నలముకొన్న నాడు నొప్పి రెండింతలై విజృంభించుచుండెను. ఎల్లరును తలలూపి సవతి కోపము చల్లారలేదని చెప్పుకొనిరి. మఱింత పొగ వేసిరి.

మనుష్యుడు దేనికైన నలవాటు పడును. మృణాళిని తనతో నివసించుచున్న యా యదృశ్యస్త్రీకి నలవాటు పడెను. దుప్పటిలో పొడుగైన వెంట్రుక దొరకిన నది తనదియో మఱియొకతెదియో యని కిటికీసందున వచ్చు వెలుతురునకు పట్టి చూచుకొనెడిది. మెడలోని సవతమ్మబిళ్ల తక్కిన బంగారముకంటె చల్లగ నున్నట్లు తోచెడిది. నొప్పి ముదిరినప్పుడు దాసీలను పంపివేసి తలగడలో ముఖము దాచుకొని "అక్కా! నీ యింటికి నేను కోరి రాలేదు. నీకేమి కావలయునో చెప్పుము. ఇత్తును" అని బతిమాలెడిది. ప్రత్యుత్తరము రాకుండెను. కాలిన వెంట్రుకల వాసన మాత్రము వచ్చుచుండెను. చచ్చినదానిపై జాలియు బ్రతికియున్న తనపై జాలియు నేకమై యేది యెవరి దుఃఖమో తెలియని స్థితి కామె చేరుకొనెను.

ఒకనాడు నూకాలు తల దువ్వుచు మాటవరుసకు మంగతాయారు పేరెత్తెను. ఏటి కావలి యగ్రహారమున నొక వైద్యుని కుమార్తె యట. తండ్రివద్ద శాస్త్రము చదివి మర్మస్థానము లెఱిగి చేతులతోనే శిరోవేదనల నుపశమింపజేయు నట. కనకాంబ కామె వచ్చి తలపట్టెడి దట. ఆమె చేయి పడినంతనే పెద్దరాణి పసిపిల్లవలె నిద్రించెడి దట. తరువాత నామె నెందుకో రావలదనిరట.

ఆ సాయంకాలము జగన్నాథరాజు వచ్చి యెప్పటివలె గడపకు వెలుపల నిలుచుండెను. మొదటిభార్య మరణానంతర మారాజు గడప దాటి యా గదిలో నడుగిడలేదు. మృణాళినియే లేచి గోడ పట్టుకొని గడపదాక వచ్చెను.

"మంగతాయారు అక్కగారి నొప్పి తగ్గించెడిదా?"

రాజు ద్వారబంధమున కానుకొనెను. తుద కిట్లనెను. "తగ్గించెడిది. మరల వచ్చెడిది. మరల తగ్గించెడిది. అమ్మగారు విసిగి యొకనాడు 'దీనిని మరల రాకుండ శాశ్వతముగ పోగొట్టగలవా లేదా' యని యడిగిరి. 'పోగొట్టజాలను. వచ్చినపుడు భరింపదగినదిగ చేయగలను. రాకడ తగ్గింపగలను' అని యామె చెప్పెను. అమ్మగారి కామాట నచ్చలేదు. సన్యాసయ్య యను భూతవైద్యుడు కణతపై నొక్కవాత పెట్టినచో జన్మములో మరల రాదని ప్రమాణము చేసెను."

"వాత పెట్టినప్పుడు మీ రెచ్చట నుంటిరి?"

"వేటకు పోయియుంటిని. తిరిగి వచ్చుసరికి పుండు చీము పట్టి జ్వరము తలకెక్కియుండెను. నన్నామె గుర్తింపలేదు."

మృణాళిని గడప కీవలినుండి చేయి చాచి భర్త చేయి పట్టుకొనెను. "సన్యాసయ్యను మరల పిలిపించుచున్నారని నూకాలు చెప్పినది. నన్ను వేటకు పోయి తిరిగి వచ్చి చూతురా?" అని యడిగెను. ఆ ప్రశ్నలో నిష్ఠురము లేదు. భయము మాత్రమే యుండెను. రాజు తల వంచుకొనెను. ఏటిలో నీరు తగ్గియుండుటచే మఱునాడే పల్లకిని వెంటబెట్టుకొని తానే యగ్రహారమునకు బయలుదేరెను.

ఆ మఱునాడే పైన వర్ణింపబడిన వైశాఖమధ్యాహ్నము. రాజు కోట వెడలిన కొంతసేపటికి సన్యాసయ్య కోట ప్రవేశించెను. పడమటి మేడ నడుమ నొక కుంపటి పెట్టి బొగ్గులు రాజేసి చిటికెనవ్రేలంత యినుపకడ్డీ నందుంచెను. ఉదయమునుండి నిరాహారయై యున్న మృణాళినికి కుంపటిపొగ సోకినంతనే దృష్టిమధ్యమున చుక్క మెఱసెను. మెఱపుగోడ లేచెను. ఆమె మంచముకోళ్లు పట్టుకొని "వలదు, వలదు" అని యఱచుచుండ దాసీలు కాలుసేతులు పట్టుకొనిరి.

"ఆనాడు ఇనుము సల్లారిపోనాది మహారాణీ" అని సన్యాసయ్య కడ్డీని త్రిప్పుచు చెప్పెను. "వాత లోతుగ పడనేదు. అందుకే పెద్దరాణెమ్మగోరు దయ్యమై ఇక్కడే మిగిలిపోయినారు. ఈపాలి కుదురుగ పెడతాను. తల కదలకుండ తమరే పట్టుకోవాల. ఆనాడూ తమరేగద పట్టుకున్నారు."

నారసాయమ్మ మంచము తలాపున మోకరించెను. ఆమె ముఖము శిలవలె నుండెను. ఆ శిల లోపల నేమున్నదో యెవ్వరికిని తెలియదు. కనకాంబ పోయిన నాటినుండి యామె నిద్రించుట లేదనియు ఎవరును లేనపుడు పడమటి మేడవంక చూచుచు పెదవులు కదపుచుండు ననియు మృణాళినికి తెలియదు. ఒక ప్రాణమును బలిగొన్న దయ్యమును తుదముట్ట తఱిమివేసిన గాని తాను చేసిన పనికి నర్థముండదని యామె మనస్సు పట్టిన పట్టు. ఆ పట్టుతోనే యామె రెండరచేతులతో కోడలి తల బిగించి పట్టెను.

మృణాళిని కన్నులు తెఱచెను. పైన నత్తగారి ముఖము వంగియుండెను. ఎడమకన్ను, ఎడమచెక్కిలి, సగము పెదవులు. తక్కిన చోట శూన్యము తళతళలాడుచుండెను. బాధకును భయమునకును నావలి కొస చేరిన దానివలె నామె మెల్లగా నిట్లనెను.

"అత్తగారూ! మీ ముఖమున సగము కనబడుట లేదు. తక్కిన సగ మెచ్చటికి పోయినది?"

నారసాయమ్మ చేతులు సడలెను.

"ఏమంటివి?"

"మీ ముఖమున సగము లేదు."

"ఈ మాట నీ కెవరు చెప్పిరి? అప్పు డీగదిలో నే నుంటిని, ఇతడుండెను. మఱియెవ్వరును లేరు. ఈ మాట నీ కెవరు చెప్పిరే?"

కనకాంబ తుదిసారిగా తెలివితో పలికిన మాట యదియే. ఆనాడు నారసాయమ్మ యది దయ్యము పలికిన మాట యనుకొని తల మఱింత గట్టిగా పట్టుకొనెను. నే డామాటనే మఱియొక కంఠమున విని యామె సన్యాసయ్యవైపు తిరిగెను.

"కుంపటి తీసివేయుము" అనెను.

"దయ్యమే పలికినాది మహారాణీ! ఇప్పుడు ఇడిసిపెట్టినారంటే కోటే దక్కదు" అని సన్యాసయ్య కడ్డీ చేతబట్టుకొని ముందునకు వచ్చెను. అరుణవర్ణమై జ్వలించుచున్న యా కడ్డీకొన మృణాళిని కణతచేరువకు వచ్చునంతలో నారసాయమ్మ తన కుడిచేతి నడ్డముగ నుంచెను. మాంసము చుఱ్ఱుమనెను. దాసీలు కేకలు వేసిరి. ఆమె మాత్రము కేక వేయలేదు. కాలుచున్న తన చేతివంక నదియేదో యింతకాలమునకు తన కర్థమైనట్లు చూచుచుండెను. సన్యాసయ్య కడ్డీ జారవిడిచి వెనుకంజ వేసి మెట్లు దిగి పలాయనమయ్యెను. మరల నాకోటఛాయల కతడు రాలేదు.

పల్లకి యప్పుడే వాకిట దిగెను. మంగతాయారు మెట్లెక్కి వచ్చెను. స్థూలకాయ. నుదుట శ్రీచూర్ణపురేఖ. ఎండకు వాడి చెమటలు క్రమ్మిన ముఖము. గదిలోని పొగయు కుంపటియు నేలపైని కడ్డీయు నారసాయమ్మ చేయియు నొక్కచూపున చూచి ముందుగ నామె చేతివంకనే నడచెను.

"నా దట్లుండనిమ్ము. మొదట దానిని చూడుము" అని నారసాయమ్మ పలికెను.

"చల్లని నీటిలో ముంచి యుంచుడు. తీయకుడు" అని చెప్పి మంగతాయారు కుంపటిని వెలుపలికి పంపించి గవాక్షములకు కొట్టిన మేకులు పెఱికించెను. గాలి రానిచ్చి తడికలు దింపించి గది చీకటి చేయించెను. దాసీలనందఱను పంపివేసెను. గోరువెచ్చని నీటి పళ్లెరమున మృణాళిని పాదము లుంచెను. కన్నులపై తడిగుడ్డ పఱచెను. పిదప మంచము తలాపున కూర్చుండి తన చేతులను చాలసేపు ఒండొంటితో రాచి వెచ్చచేసికొని క్షీరబలాతైలపు చుక్కలు వ్రేళ్ల కంటించుకొనెను.

మృణాళిని యింతవఱకు తలపై పడిన చేతుల నెఱుగును. అవి పట్టుకొన్నవి, అదిమినవి, కదలనీయకుండ చేసినవి. ఈ చేతు లట్లు కావు. అవి యామె మెడక్రిందికి పోయి కపాలము మెడతో కలియు పల్లమున నాగి వ్రేలికొనలపై తలబరువునంతను మోయుచు నూరకయుండెను. ఒత్తలేదు. రుద్దలేదు. కనిపెట్టుకొని యుండెను. "నీ తలను నీవు మోయవలదు తల్లీ. కొంతతడవు నాకిమ్ము" అని మంగతాయారు చెవిచెంత మెల్లగా చెప్పెను. మృణాళిని యెంతకాలమునుండి తన తలను తానే బిగబట్టుకొని యున్నదో యప్పటికి గాని యామెకు తెలియలేదు. మెడనరములలో నేదో యొకటి సన్నగా వణకెను. ఆ వణకు మీద నా వ్రేళ్లు కొంచెము లోతునకు దిగెను. నొప్పి యొక్కసారి పెచ్చుపెరిగి తరువాత వెనుకకు తగ్గెను.

పిదప బొటనవ్రేళ్లు మెడవెంబడి భుజములదాక పోయి మరలివచ్చెను. చెవులవెనుక నాగెను. దవుడకీలు దగ్గఱ రాయివలె బిగిసిన కండను చుట్టి చుట్టి మెత్తపఱచెను. "నిద్రలో పండ్లు కొఱకుదువా తల్లీ?" అని యడిగి సమాధానమునకు వేచియుండక కనుబొమల మొదలు రెండువ్రేళ్లతో పట్టి మెల్లగా విడిచెను. శంఖస్థానములనబడు కణతలను మాత్రము చాలసేపటివఱకు ముట్టలేదు. నొప్పి నట్టింట నున్నప్పుడు నట్టింటిలోనికి దూకరాదు, వాకిటనుండి పిలువవలె నని తరువాత నామె చెప్పెను. తుద కరచేయి కణతపై వెచ్చగా పెట్టి మృణాళిని యూపిరి తన యూపిరితో కలియువఱకు కదలక కూర్చుండెను. మధ్యమధ్య మృణాళిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనున్న కండను నొక్కి పట్టుచుండెను. మెఱపుగోడ మెల్లగా దృష్టిచివఱకు జరిగి మాసిపోయెను. మేకు పూర్తిగ పోలేదు. కాని కొట్టుచున్న చేయి యలసినట్లుండెను. మృణాళిని కన్నులపై గుడ్డక్రిందినుండి నీరు కాఱి చెవులలోనికి ప్రవహించెను. ఆమె నిద్రించెను.

ఆమె మేల్కొనునప్పటికి సాయంకాలమయ్యెను. మంగతాయారు నారసాయమ్మ చేతికి మందాకు కట్టుచుండెను. ఇరువురు తగ్గుస్వరమున మాటలాడుచుండిరి. మృణాళిని కన్నులు తెఱవక వినెను.

"ఇది యర్ధావభేదకము, మహారాణీ. మనవారు పార్శ్వపునొప్పి యందురు. నొప్పికి మునుపు కొందఱి కన్నులకు మెఱపులు తోచును. చూచుచున్నదానిలో సగము మాయమగును. ముఖము చూచిన ముఖమున సగము, దీపము చూచిన దీపమున సగము. ఉపవాసమునకు పెచ్చరిల్లును. పొగకు పెచ్చరిల్లును. నిద్రలేమికి పెచ్చరిల్లును. కనకాంబ నాతో నిట్లే చెప్పెడిది. ఈ బిడ్డయు నిట్లే చూచినది. అద్దములో నామెకు కనబడినది తన ముఖమే."

"అట్లైన నానాడు కనకమునకు దయ్యము పట్టలేదా?"

"పట్టలేదు తల్లీ."

"ఇపుడును దయ్యము లేదా?"

"లేదు."

మృణాళిని ఱెప్పలసందునుండి చూచెను. అత్తగారు తన చేతికట్టువంక చూచుచుండెను. దయ్యమున్నంతకాల మామె చేసిన పనికొక కారణముండెను. ఇప్పు డాకారణము తొలగిపోయి చేసినపని యొక్కటియే మిగిలెను. చింతలగిరి దుర్గమున నందఱిని విడిచిపోయిన దయ్య మాసాయంకాలమున నారసాయమ్మ నాశ్రయించెను.

"మరల రాదు గదా?" అని మృణాళిని పడకనుండి యడిగెను.

మంగతాయారు నవ్వెను. "వచ్చును తల్లీ. రాదని చెప్పువారిని నమ్మకుము. వచ్చినపు డేమి చేయవలయునో నేర్పెదను. వేళకు తినుము. వేళకు పండుకొనుము. కంటివాకిట చుక్క మెఱసినప్పుడే చీకటిగదికి పోయి యెవరిచేతనైన తల పట్టించుకొనుము."

"ఆ కాలిన వెంట్రుకల వాసన?"

మంగతాయారు నవ్వు మాని యాలోచించెను. "ఈ వ్యాధిలో కొందఱికి లేని వాసనలు తోచునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాని నీకా వాసనయే యేల తోచినదని యడిగిన నేను చెప్పజాలను" అనెను.

వర్షకాలమంతయు మంగతాయారు కోటలోనే యుండెను. సాంబ్రాణిధూపములు నిలిచిపోయెను. మృతురాలి పేర నుపవాసములకు బదులు నన్నదానములు జరిగెను. జగన్నాథరాజు గడప దాటి లోనికి వచ్చుట నేర్చుకొనెను. తొలిదినములలో నలవాటు తప్పి యొక్కొక్కపుడు గడపదగ్గఱనే యాగిపోయెడివాడు. మృణాళిని పేరు పెట్టి పిలువకయే చేయి చాచెడిది. నూకాలు తల పట్టుట నేర్చెను. మృణాళినియు నేర్చెను. తనకు నొప్పిలేని దినములలో కోటలోని యాడువారి తలలు తన యొడిలో నుంచుకొని యా మెడపల్లముల నా దవుడకీళ్ల నన్వేషించుట యామెకు ప్రియమైన పని యయ్యెను. ఎందఱి మెడలలో నెన్ని బిగువు లున్నవో తెలిసి యామె విస్మయపడెను. తనకు నొప్పి వచ్చుట మానలేదు. కాని యది యిప్పుడొక దయ్యముగా గాక వానకు ముందు మబ్బువలె వచ్చి పోవుచుండెను. ఒక్కొక్క తఱి కాలిన వెంట్రుకల వాసన యింకను వచ్చుచుండెను. అప్పు డామె భయపడుట మాని "అక్కా" యని యొక్కమాట పలికి యూరకయుండెడిది.

నారసాయమ్మ మాత్రము నానాటికి కృశించెను. అధికారము కుమారున కప్పగించెను. ఎవ్వరితోను మాటలాడదు. కోడలి గదివైపు రాదు. దూరమునుండి కోడలు కనబడినచో దారి మార్చుకొని పోవును. చేతిపైని పుండు మానెను గాని యచ్చట ముడుచుకొన్న చర్మపు మచ్చ మిగిలెను. ఆమె దానిని పయ్యెదకొంగుతో కప్పుకొని తిరుగుచుండెను.

మార్గశీర్షమున నొక యపరాహ్ణము కొండలపై లేత యెండ కాయుచుండెను. మంగతాయారు తన యగ్రహారమునకు మరలిపోయి కొంతకాలమయ్యెను. మృణాళిని మేడపై నొంటరిగ కూర్చుండి తడిజుట్టు నార్చుకొనుచుండెను. మెట్లమీద నడుగులచప్పు డయ్యెను. నారసాయమ్మ వచ్చి చాలసేపు నిలుచుండి చాపపై కూర్చుండెను.

"తలనొప్పియా, అత్తగారూ?"

"లేదు. నాకు నొప్పి లేదు. ఏ నొప్పియు లేదు" అని నారసాయమ్మ పలికెను. ఆమె కంఠస్వర మరిగిపోయిన తంత్రివలె నుండెను. "అయినను నీ చేయి వేయుదువా?"

మృణాళిని యామె తల నొడిలోనికి తీసికొనెను. అరచేతులు రాచి వెచ్చచేసికొని నెరసినకురుల పాయలలోనికి వ్రేళ్లు పోనిచ్చెను. ఆ తల మొదట నొకచో నిలువక ఱాతిగుండువలె బరువై యటునిటు త్రిప్పికొనెను. మృణాళిని తొందరపడలేదు. మంగతాయారు తన తల నెట్లు మోసెనో యట్లే మోసెను. వ్రేళ్ల కంది వచ్చిన బిగువులు కొన్ని సడలెను. కొన్ని సడలలేదు. చేతికి దొరకు వేదనలు కొన్ని, చేతికి దొరకనివి కొన్ని. దొరకనివాని విషయమున చేయి చేయదగినది తోడుండుటయే యని యామెకు తోచెను.

కొంతసేపటికి నారసాయమ్మ యూపిరి మెల్లనయ్యెను. అనేక దినములనుండి నిద్రలేని యా కన్నులు మూతలుపడెను. నిద్రకును మెలకువకును నడిమి సంధిలో నామె పెదవులు కదలెను.

"కనకమా!"

మృణాళిని వ్రేళ్లు నిలిచిపోయెను. చుట్టు నెవ్వరును లేరు. లోయలో నదిమీదినుండి చల్లనిగాలి యొకటి లేచివచ్చి యార్చుకొనుచున్న జుట్టును కదల్చిపోయెను.

"కనకమా! నొప్పి తగ్గెనా తల్లీ?"

తనదికాని పేరునకు పలుకుట తగునో తగదో యని మృణాళిని యాలోచించెను. పలుకవలసినవారు పలుకజాలరనియు అడుగుచున్నవారు మఱియెవ్వరి నడుగజాలరనియు నామె యెఱుగును. ఆమె వంగి యా ముడుతలు పడిన కణతపై తన యరచేయి వెచ్చగా నుంచెను.

"తగ్గెను, అత్తగారూ" అనెను.

నారసాయమ్మ నిద్రించెను. పశ్చిమగిరుల వెనుకకు సూర్యుడు దిగిపోవుచుండ మేడపై నీడలు నిడుదలగుచుండ మృణాళిని యొడిలోని యత్తగారి నిద్ర చెడునేమో యని యా చేయి తీయక కదలక యట్లే కూర్చుండెను.